లోపల ఎవరున్నారు?

తాళంచెవి పోగొట్టుకుని తాళాలక్క కొట్టుకి పరుగెత్తుకొచ్చినవాళ్లకి మొదట ఒళ్లు మండేది ఆవిడ నిదానం చూసే. పిలవగానే సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతుంది, దానికేం లోటు లేదు. తలుపు దగ్గరికి వెళ్లాక మాత్రం పనిముట్లు బయటికి తీయదు. మూడుసార్లు తలుపు కొడుతుంది. "లోపల ఎవరున్నారు?" అని వీధి చివరికి వినపడేలా అరుస్తుంది. ఆ తర్వాత గుమ్మం పక్కన నిలబడి ఒకటి నుంచి నూరు దాకా లెక్కపెడుతుంది, పెదవులు కదుపుతూ, ఒక్క అంకె కూడా మింగకుండా.

"ఎవరూ లేరక్కా! ఈ ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే, నేనిక్కడే ఉన్నాను కదా!" అని మొత్తుకున్నా వినదు. ఒకసారి మందుల షాపాయన తన షట్టరు ముందు ఈ తంతంతా చూసి, "లోపల దగ్గుమందు సీసాలున్నాయక్కా, అవి పలకవు" అన్నాడు. అప్పటికి ఆవిడ అరవై రెండు దగ్గరుంది. ఆగమన్నట్టు వేలెత్తి చూపించి, "అరవై మూడు" అంది.

ఆవిడకి యాభై రెండేళ్లు. ఈ పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెళ్లికి ముందు పాత ఇనుప సామాన్ల కొట్టులో లెక్కలు రాసే ఉద్యోగం చేసేది. లెక్కలకంటే ఆ గుట్టల్లో దొరికే పాడైన తాళాల మీదే మనసు. ఒక్కొక్కటీ ఇంటికి తెచ్చి, విప్పి, తెల్లగుడ్డ మీద వరుసగా పరిచేది. లోపలి గొట్టం, గొట్టంలో ఎగుడుదిగుడుగా ఇత్తడి పిన్నులు, వాటి నెత్తిన బియ్యపు గింజంత స్ప్రింగులు. మళ్లీ బిగించేది. మళ్లీ విప్పేది. అలా రెండేళ్లు. లైసెన్సు పరీక్షకి వెళ్లినప్పుడు, పరీక్షాధికారి నియమాలు చదవడం పూర్తి చేసేలోపు అతను ఇచ్చిన తాళం తెరిచి బల్ల మీద పెట్టింది. "ఇంకా మొదలుపెట్టమనలేదు" అన్నాడతను. "నేను మొదలుపెట్టలేదండీ, అదే తెరుచుకుంది" అంది. ఆ లైసెన్సు ఇరవై నాలుగేళ్లుగా కొట్టులో అద్దాల చట్రంలో వేలాడుతోంది. గీత పడకుండా తాళం తెరవడమంటే ఆవిడకి గర్వం. ఆ గర్వమే ఒకరోజు కళ్లు మూసేసింది.

అది కిందటి ఏడాది మాట. ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకడు కొట్టుకొచ్చాడు. తాళంచెవి ఎక్కడో పడిపోయిందన్నాడు. భార్య ఊళ్లో లేదన్నాడు. ఇంటి కాగితాలు, గుర్తింపు కార్డు అడక్కుండానే తీసి చూపించాడు. అంత మర్యాదగా కాగితాలు చూపించేవాళ్లు అరుదు. ఆవిడ వెళ్లింది. తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తాళం మంచిది, ఆరు పిన్నులది. చుట్టూ ఉన్న స్క్రూలు తళతళలాడుతున్నాయి. గడప మీద సన్నటి రంపపు పొట్టు ఉంది, ఇంకా తెల్లగా, గాలికి కూడా చెదరకుండా. ఇవన్నీ ఆవిడ చూసింది. చూసి, 'ఎవరు బిగించారో గానీ చట్రం చక్కగా కుదిరింది' అనుకుంది. రెండు తీగలు తీసింది. ఒకదానితో బిగువు పట్టి, రెండోదానితో ఒక్కో పిన్నూ లేపింది. నిమిషం కూడా పట్టలేదు. ఒక్క గీత పడలేదు.

అతను థాంక్సు చెప్పి లోపలికి వెళ్లి తలుపేసి గడియ పెట్టుకున్నాడు. ఆవిడ సంచీ సర్దుకుంటుండగా లోపల కుర్చీ పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఒక ఆడగొంతు. కేక కాదు, కేకకి ముందు ఊపిరి తెగిన చప్పుడు.

లోపలున్నది దర్జీ పని చేసే అమ్మాయి. అతని భార్య. మూడు రోజుల క్రితమే అతన్ని బయటికి పంపి, తాళం మార్పించుకుంది. ఆ రంపపు పొట్టు మూడు రోజుల నాటిది. మొన్న బిగించిన తాళానికి అప్పుడే చెవి పోవడమేమిటని తాళాలు తెలిసినవాళ్లెవరైనా అడగాలి. తాళాలు తెలిసిన మనిషి ఆ తలుపు ముందు ఉంది, అడగలేదు.

తాళాలక్క అరుపులకి పక్కింటివాళ్లు వచ్చి తలుపు బాదారు. తలుపు తెరుచుకునేసరికి ఆ అమ్మాయి కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆ చేతిని కుట్టుమిషను తొక్కుడుపలక కింద పెట్టి తొక్కాడు. ఏ చెయ్యి విరగ్గొడితే పని ఆగిపోతుందో తెలిసినవాడు.

పోలీసు స్టేషన్‌లో తాళాలక్క తనంతట తానే నిలబడి, "తెరిచింది నేనండీ, నా మీద కూడా రాసుకోండి" అంది. ఎస్సై కాగితాలు తిరగేసి, జాలిగా చూశాడు.

"మీదేం తప్పు లేదమ్మా. ఇల్లు అతని పేరున ఉంది. కాగితాలు చూపించాడు. చూపించాక తెరవకపోతేనే తప్పు. మీరు చట్టప్రకారమే చేశారు."

ఈ మాట ఆవిడని కొట్టినట్టు ఇంకేదీ కొట్టలేదు. తిట్టి ఉంటే పడేది. లోపల వేసి ఉంటే కూర్చునేది. ఒక ఆడపిల్ల చెయ్యి విరగడానికి తలుపు తెరిచిపెట్టిన మనిషిని పట్టుకుని, నువ్వు చేసింది సరైన పని అని చెప్పే చట్టం ఒకటి ఉందని ఆవిడకి అప్పటిదాకా తెలియదు. ఇంటికొచ్చి మూడు రోజులు కొట్టు తెరవలేదు. నాలుగోరోజు తెరిచింది. ఆ రోజు నుంచే ఈ నూరు లెక్క.

దర్జీ అమ్మాయిని చూడటానికి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఏం మాట్లాడాలో తెలియక, ఆమె కత్తెర ఇమ్మని తెచ్చుకుంది. కుడిచేతి కత్తెరని ఎడమ చేత్తో పట్టుకుంటే గుడ్డ తెగదు, రేకుల మధ్య నలుగుతుంది. రేకులు తారుమారు చేయాలి, పైది కిందికీ, కిందిది పైకీ. పిడి వంపు కూడా మార్చాలి. ఆవిడ నాలుగు కత్తెరలు పాడుచేసి అయిదోది తయారుచేసింది. ఆసుపత్రి మంచం మీద అమ్మాయి దాంతో దుప్పటి అంచు ఓ వేలెడు కత్తిరించి చూసింది.

"తెగుతోందక్కా" అంది.

"దుప్పటి ఆసుపత్రిది పిల్లా" అంది తాళాలక్క. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. క్షమాపణ అన్న మాట వాళ్ల మధ్య ఎప్పుడూ రాలేదు.

అతనికి శిక్ష పడింది. తొమ్మిది నెలలు. తొమ్మిది నెలలు ఎంతలో గడిచాయి! విడుదలకి నెల ముందు దర్జీ అమ్మాయి కోర్టు ఆఫీసుకెళ్లి, అతన్ని ఇంటికి రానివ్వొద్దని ఉత్తర్వు అడిగింది. కిటికీ వెనకున్న ఉద్యోగి పుస్తకం చూసి చెప్పాడు. "పాత ఉత్తర్వు కేసుతోనే అయిపోయింది. కొత్తది కావాలంటే కొత్తగా ఏదైనా జరగాలి."

తాళాలక్క పక్కనే ఉంది. "జరగాలా?" అంది.

"అవునమ్మా. జరిగాక రండి."

"రెండో చెయ్యి కూడా విరిగాకనా?"

"నా మీద అరిస్తే ఏం లాభమమ్మా? చట్టం నేను రాశానా?"

"మరి రాసేవాళ్లెక్కడుంటారు?"

ఉద్యోగి తన వెనక గోడ చూపించాడు. అక్కడ చట్టసభ ఎన్నికల ప్రకటన అంటించి ఉంది. నెలన్నరలో పోలింగు. ముగ్గురు అభ్యర్థులు.

తాళాలక్క భర్త రిటైరైన కోర్టు బంట్రోతు. ముప్ఫై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి సమన్లు అందించినవాడు. కాగితంలో ఏ మాట గట్టిదో ఏ మాట బూటకమో వాసన చూసి చెప్పగలడు. ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. మొదట దర్జీ అమ్మాయి నాలుగు పేజీలు రాసుకొచ్చింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "అంతా నిజమేనమ్మా. కానీ నాలుగు పేజీలు రాస్తే నాలుగు పేజీల్లో తప్పించుకుంటారు. ఒక్క వాక్యం రాస్తే తప్పించుకోవడానికి చోటుండదు" అన్నాడు.

ఒక్క వాక్యం రాయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. తాళాలక్క ప్రతి మాటనీ పిన్నులాగే పట్టుకుని చూసింది. పొట్టిగా ఉందా, పొడుగ్గా ఉందా, దీన్ని పక్కకి జరిపి దొంగ చెవి దూర్చొచ్చా అని. చివరికి నిలిచింది ఇది. "ఇంటి కాగితాలు ఎవరి పేరున ఉన్నా, ఇంట్లో మనిషిని కొట్టిన కేసు ఉన్నవాడికి, లోపలున్న మనిషి వద్దంటే ఆ తలుపు తెరవకూడదు, తెరవమని ఎవరినీ బలవంతపెట్టకూడదు." కింద, 'గెలిస్తే మొదటి సమావేశంలోనే ఈ సవరణ ప్రవేశపెడతాను' అని. దాని కింద సంతకానికి గీత.

మాటలు చెప్పడం తన వల్ల కాదని ఆవిడకి తెలుసు. అందుకని ఒక చిన్న తలుపు చేసింది. మూరెడు ఎత్తు చట్రం, దానికి నిజమైన తలుపు రెక్క, నిజమైన ఆరు పిన్నుల తాళం. దాన్ని చంకలో పెట్టుకుని అభ్యర్థుల చుట్టూ కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగింది. భర్త స్కూటరు నడిపేవాడు. దర్జీ అమ్మాయి వెనకే బస్సులో వచ్చేది.

"ముప్ఫై ఏళ్లు సమన్లు పట్టుకుని తిరిగాను. నన్ను చూసి జనం పారిపోయేవాళ్లు" అనేవాడాయన. "ఇప్పుడు నీ తలుపు చూసి లీడర్లు పారిపోతున్నారు. మన వంశంలో అదృష్టం అలా ఉందే."

మొదటివాడు పాత సభ్యుడు, రెండుసార్లు గెలిచినవాడు. ఆఫీసు ముందు హాలు నిండా జనం, ప్లాస్టిక్ కుర్చీలు, మూలన పోస్టర్ల కట్టలు, జిగురు వాసన. మూడు రోజులు కూర్చోబెట్టి నాలుగోరోజు లోపలికి పిలిచారు. "రా చెల్లెమ్మా" అన్నాడు. ఆవిడ తలుపు బల్ల మీద పెట్టింది. "మీ గడియారం చూస్తూ ఉండండి" అని తీగలు తీసింది. తాళం తెరుచుకుంది.

"నలభై సెకన్లు!" అన్నాడు మెచ్చుకోలుగా. "చెల్లెమ్మ చేతిలో ఏదో ఉంది."

"పోలీసులు రావడానికి గంట. ఉత్తర్వు రావడానికి నలభై రోజులు. నేను తెరవడానికి నలభై సెకన్లు. ఈ మూడింట్లో చట్టం ఆపాల్సింది దేన్నండీ?"

ఆయన కాగితం చదివాడు. మళ్లీ చదివాడు. "ఇది కుటుంబ విషయం చెల్లెమ్మా. మొగుడూ పెళ్లాం ఇవాళ కొట్టుకుంటారు, రేపు కలుస్తారు. మధ్యలో మనం తాళం వేస్తే..."

దర్జీ అమ్మాయి తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టింది. వేళ్లు పూర్తిగా ముడవడం లేదు. "ఇది కలవలేదండీ" అంది.

ఆయన చూపు తిప్పుకుని సెక్రటరీకి కాగితం ఇచ్చాడు. "గెలిచాక కమిటీ వేద్దాం."

రెండోవాడు లాయరు. యువకుడు, అందగాడు, మాట పట్టులా జారుతుంది. వాళ్లని కూర్చోబెట్టి, ఆడవాళ్ల భద్రత మీద అరగంట మాట్లాడాడు. వింటున్నంతసేపూ దర్జీ అమ్మాయి కళ్లు చెమర్చాయి. తాళాలక్క మాత్రం అతని చేతులు చూస్తోంది. పెన్ను చేతిలో తిరుగుతోంది, మూత ఊడటం లేదు.

"మేడమ్, మీ ఆవేదన నాకు నూటికి నూరుపాళ్లు అర్థమైంది" అన్నాడు.

"అయితే ఇక్కడ గీత ఉంది బాబూ."

"ఆస్తిహక్కుతో ముడిపడింది కదా, దుర్వినియోగం కోణం కూడా చూడాలి. రేపు ఏ భార్య అయినా మొగుణ్ణి బయట నిలబెట్టి..."

"కేసు ఉన్నవాడికి అని రాశాం కదండీ" అన్నాడు బంట్రోతు.

"నేను స్ఫూర్తిని సమర్థిస్తున్నాను. పదాల్ని కాదు."

మెట్లు దిగుతూ తాళాలక్క అంది. "అరగంట గొట్టం తిప్పాడు. ఒక్క పిన్నూ కదల్లేదు."

మూడోది బడి పంతులమ్మ. పార్టీ లేదు, ఆఫీసు లేదు. ఇంటి వరండాయే ఆఫీసు. దిద్దాల్సిన నోటు పుస్తకాల దొంతరలు ఇంకా పక్కనే ఉన్నాయి. ఆవిడ కాగితం చదివింది. తర్వాత ఎర్ర పెన్ను తీసి, 'ప్రవేశపెడతాను' కొట్టేసి, 'పరిశీలిస్తాను' అని రాసి సంతకం పెట్టింది.

"నేను గెలిచేదాన్ని కాదక్కా. చేయలేని పనికి మాటివ్వడం నాకు రాదు" అంది నిజాయితీగానే.

తాళాలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. మిగతా ఇద్దరి మీద కూడా అంత కోపం రాలేదు. "టీచరమ్మా, స్ప్రింగు లేని పిన్ను ఎలా ఉంటుందో తెలుసా? చూడ్డానికి తాళంలోనే ఉంటుంది. ఏ చెవి పెట్టినా పక్కకి తప్పుకుంటుంది. మీ మాట అలా ఉంది. ఇంతకంటే సంతకం పెట్టకపోవడమే మేలు." కాగితం మడిచి సంచీలో పెట్టుకుని లేచింది. పంతులమ్మ మొహం ఎర్రబడింది, కానీ కాగితం తిరిగి ఇమ్మనలేదు.

దర్జీ అమ్మాయి మొగుడు విడుదలయ్యాడు. రెండోరోజే పోలీసు స్టేషన్‌లో ఇంటి కాగితాలు పెట్టాడు. దర్జీ అమ్మాయికి నోటీసు వచ్చింది. గురువారం పదకొండింటికి పోలీసు సమక్షంలో, తాళమైనా గడియైనా, లైసెన్సున్న పనివాళ్ల చేత తెరిపించబడును. నోటీసు నకలు తాళాలక్కకీ వచ్చింది. ఆ పేటలో లైసెన్సున్నది ఆవిడకే.

పోలింగుకి ఇంకా పదకొండు రోజులుంది.

దర్జీ అమ్మాయి నోటీసు బల్ల మీద పెట్టి, "నేనెక్కడికైనా వెళ్లిపోనా అక్కా?" అంది. "కానీ ఎక్కడికెళ్లను? నా మిషను ఇక్కడుంది. నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లంతా ఈ వీధికే వస్తారు. కొట్టినవాడు ఇంట్లో ఉంటాడు, దెబ్బలు తిన్నదాన్ని నేను సామాను సర్దుకోవాలా?"

"నువ్వు ఎక్కడికీ వెళ్లవు" అంది తాళాలక్క. అని, భర్త వైపు తిరిగింది. "ఏమండీ, మీరు సమన్లు రాసే పద్ధతిలో మూడు ఉత్తరాలు రాయండి."

ఆయన రాశాడు. తేదీ, సమయం, ఇంటి గుర్తు. 'మీరు మార్చనంటున్న చట్టం పనిచేసేటప్పుడు ఎలా ఉంటుందో చూడటానికి స్వయంగా హాజరు కావలెను.' మూడు ఉత్తరాలూ తనే వెళ్లి చేతికిచ్చి, పాత అలవాటు ప్రకారం అందినట్టు సంతకాలు కూడా తీసుకొచ్చాడు.

గురువారం పదకొండుకి వీధి నిండిపోయింది. లాయరు రాలేదు. స్ఫూర్తిని పంపించాడేమో, ఎవరికీ కనిపించలేదు. పాత సభ్యుడు సెక్రటరీనీ, ఒక ఫొటోగ్రాఫరునీ పంపాడు. పంతులమ్మ బడికి సెలవు పెట్టి, గొడుగు పట్టుకుని, నడిచి వచ్చింది. అతను అదే ఇస్త్రీ చొక్కాలో గేటు దగ్గర నిలబడ్డాడు. పక్కన కానిస్టేబుల్, చేతిలో అట్ట, అట్ట మీద ఫారం.

"కానివ్వండక్కా, ఎండగా ఉంది" అన్నాడు కానిస్టేబుల్.

తాళాలక్క తలుపు ముందు తెల్లగుడ్డ పరిచింది. పనిముట్లు వరుసగా పెట్టింది. సన్న తీగలు, బిగువు తీగ, ఆకురాయి, గడియ జరపడానికి వంకర కమ్మీ. తర్వాత లేచి మూడుసార్లు తలుపు కొట్టింది.

"లోపల ఎవరున్నారు?"

"నేనున్నాను" అని లోపలినుంచి వినిపించింది. "తెరవొద్దు."

తాళాలక్క కానిస్టేబుల్ వైపు తిరిగింది. "విన్నారుగా. రాసుకోండి."

అతను ఫారం పైనుంచి కిందికి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. "దీంట్లో దానికి గడి లేదక్కా."

"ఏ గడులున్నాయి?"

"ఇంటి యజమాని పేరు. కాగితాల నంబరు. తాళం రకం. తెరిచిన సమయం."

"తాళం రకానికి గడి ఉంది. లోపలున్న మనిషికి లేదు."

"లేదు."

వీధిలో ఎవరో పెద్దగా నవ్వబోయి ఆపేశారు.

"ఎంతసేపీ నాటకం?" అన్నాడు దర్జీ అమ్మాయి మొగుడు. "నా ఇల్లు, నా తలుపు. పోయినసారి నిమిషంలో తెరిచింది ఈవిడే. అడగండి."

"నిజమే" అంది తాళాలక్క. "నేనే తెరిచాను. కొత్త స్క్రూలు చూశాను, గడప మీద రంపపు పొట్టు చూశాను, చూసి కూడా తెరిచాను. ఆ పిల్ల కుడిచెయ్యి ఇక కుట్టదు. అందరూ నాతో చట్టప్రకారం చేశావమ్మా అన్నారు." వంగి, సన్న తీగలు రెండూ తీసింది. ముందు సెక్రటరీ దగ్గరికి వెళ్లింది. "తీసుకోండి. చట్టం మీ సారుది. తెరవండి." అతను వెనక్కి జరిగాడు. ఫొటోగ్రాఫరు బటన్ నొక్కాడు, సెక్రటరీ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు, ఆలస్యంగా. ఆవిడ పంతులమ్మ దగ్గరికి వెళ్లింది. "మీరు పరిశీలిస్తానన్నారు. దగ్గర్నుంచి పరిశీలించండి."

పంతులమ్మ తీగల వైపు చూసింది. తలుపు వైపు చూసింది. తలుపు అవతల ఎవరో గోడకి ఆనుకుని ఊపిరి తీస్తున్న చప్పుడు ఆ నిశ్శబ్దంలో వినపడుతోంది.

తాళాలక్క ఇంకెవరి కోసం చూడలేదు. సంచీలోంచి ఒక అద్దాల చట్రం తీసింది. కొట్టులో ఇరవై నాలుగేళ్లుగా వేలాడినది. వెనక మేకులు వదులు చేసి, లైసెన్సు బయటికి లాగి, కానిస్టేబుల్ అట్ట మీద పెట్టింది.

"రాయండి. పనివారు నిరాకరించారు అని. దానికి గడి ఉందా?"

"ఉంది" అన్నాడతను నీరసంగా. "దానికుంది. అక్కా, ఆలోచించుకోండి. ఇది పోతే మళ్లీ రాదు."

"ఆ చెయ్యీ మళ్లీ రాదు బాబూ. రాయండి."

రాశాడు. ఆ తర్వాత పక్క పేటలో తాళాలవాడికి ఫోను చేశాడు. అతను మొత్తం విని, "ఎవరు, తాళాలక్క కాదన్నదా?" అని అడిగాడు. "అయితే నా చెయ్యి బెణికిందండీ, పొద్దున్నే." ఇంకొకడికి చేశాడు. అతనిదీ బెణికింది. మూడోవాడికి రెండు చేతులూ బెణికాయి.

"ఊళ్లో తాళాలవాళ్లందరి చేతులూ ఒక్కరోజే పోయాయా?" అన్నాడు ఆ మొగుడు, కాలితో తలుపు తన్నబోతూ.

కానిస్టేబుల్ అడ్డం వచ్చాడు. "పగలగొట్టడానికి వేరే ఉత్తర్వు కావాలి సారూ. ఈ కాగితం తాళానికే." మొదటిసారి అతని గొంతులో కొంచెం సంతోషం వినిపించింది. ఫారం చివర 'పనివారు లభించనందున వాయిదా' అని రాసి, అట్ట చంకలో పెట్టుకున్నాడు.

జనం పల్చబడ్డాక పంతులమ్మ గొడుగు మూసి, తాళాలక్క ఎదురుగా గడప మీద కూర్చుంది. "ఆ కాగితం మీ దగ్గరుందా?" అంది. ఉంది. పంతులమ్మ ఎర్ర పెన్నుతోనే తను రాసిన మాట కొట్టేసి, కొట్టేసిన మాట మళ్లీ పైన రాసింది. పక్కన సంతకం, ఆ రోజు తేదీ. "తప్పు రాస్తే దిద్దడం నా పనే" అంది.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. చాచిన చేతిలో రెండు తీగలు, వెనక్కి జరుగుతున్న సెక్రటరీ. సాయంత్రానికి పాత సభ్యుడి సంతకంతో కాగితం ఇంటికే వచ్చింది. దాంతోపాటు, చెల్లెమ్మ వచ్చి పక్కన నిలబడి ఫొటో దిగితే బాగుంటుందని కబురు కూడా. "కాగితం ఉంచండి, ఫొటో వద్దు. ఉన్నది సరిపోయింది" అంది తాళాలక్క.

పంతులమ్మ ఓడిపోయింది. కానీ తిరిగిన ప్రతి వీధిలోనూ ఆ ఒక్క వాక్యం చదివి వినిపించింది. గెలిచింది పాత సభ్యుడే.

చట్టం ఇంకా మారలేదు. మొదటి సమావేశం రెండుసార్లు వాయిదా పడింది. దర్జీ అమ్మాయి తలుపుకి కూడా వాయిదాలు పడుతూనే ఉన్నాయి, ఇప్పటికి మూడు. ప్రతిసారీ అదే మాట, పనివారు లభించనందున. ఒక దేశపు చట్టం చేయాల్సిన పనిని ముగ్గురు తాళాలవాళ్ల బెణికిన చేతులు చేస్తున్నాయి. ఎన్నాళ్లు బెణుకుతాయి? ఎవడో ఒకడి చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు బాగవుతుంది. ఆ సంగతి తాళాలక్కకి తెలుసు, అందుకే నిద్ర పట్టదు.

లైసెన్సు లేనివాళ్లు తాళంచెవులు కోయకూడదు. కత్తెరలు పదును పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. కొట్టు బయట ఇప్పుడు ఆ బోర్డే ఉంది. అద్దాల చట్రం అదే మేకుకి వేలాడుతోంది. అందులో లైసెన్సు బదులు సంతకాలున్న రెండు కాగితాలు.

సోమవారాలు మాత్రం కొట్టు మూత. ఆ రోజు చిన్న తలుపు చంకలో పెట్టుకుని సభ్యుడి ఆఫీసుకెళ్తుంది. దర్జీ అమ్మాయి కూడా వస్తుంది, ఎడమ చేత్తో కుట్టుకున్న సంచీ భుజాన వేసుకుని. మొదటి సోమవారం సెక్రటరీ గది తలుపుకి అడ్డం నిలబడి, "సారు లేరు" అన్నాడు. లోపల ఫ్యాను తిరుగుతోంది. తలుపు కింద నీడ కదిలింది.

తాళాలక్క అతన్ని పక్కకి జరగమని సైగ చేసింది. మూడుసార్లు తలుపు కొట్టింది. హాల్లో కుర్చీల్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేలా అడిగింది.

"లోపల ఎవరున్నారు?"

జవాబు రాలేదు. ఆవిడ చిన్న తలుపు కింద పెట్టి, గుమ్మం పక్కన నిలబడి, ఒకటి నుంచి బిగ్గరగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై దగ్గర దర్జీ అమ్మాయి గొంతు కలిపింది. నలభై దగ్గర కుర్చీల్లోంచి ఎవరో ముసలాయన, ఆ తర్వాత ఇంకెవరో. తొంభై ఒకటి దగ్గర లోపల గడియ జరిగిన చప్పుడైంది.

ఆవిడ ఆగలేదు. నూరూ పూర్తిచేసి, అప్పుడు లోపలికి వెళ్లింది.